నాన్నకూ భయమేనట

మంగళవారం, ఇల్లందు

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సగంలో మానేసి, ఆన్‌లైన్‌లో సైబర్ సెక్యూరిటీ డిగ్రీకి ఈరోజు అప్లై చేశాను. నాకు కోడింగ్ ఒక్క ముక్క రాదు. చెల్లి ఫొటోలను ఎవడో మార్ఫింగ్ చేసి నెట్‌లో పెట్టినప్పుడు, వాటిని ఎలా తీయించాలో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. అది కాలేజీకి వెళ్లడమే మానేసింది. అందుకే ఈ చదువు. ఇదీ సగంలో ఆగిపోతే?

గనిలో షిఫ్టు ముగించుకుని వచ్చిన నాన్నకు చెప్పాను.

"భయమైతుందా బిడ్డా?" అన్నాడు.

"అవ్ నాన్నా."

"బొగ్గు బాయిలకు మొదటిసారి దిగినప్పుడు నాకూ గిట్లనే అయింది."

"మరి ఎప్పుడు పోయింది?"

"ఏడ పోయింది? రోజూ అయితది," అని నవ్వి స్నానానికి వెళ్లాడు.

ఇన్నేళ్లుగా భయపడుతూనే దిగుతున్నాడన్నమాట. రేపు పొద్దున మళ్లీ షిఫ్టు. ఇప్పుడు నా చదువు గురించి కాదు, నాన్న గురించే భయమేస్తోంది.