లుక్, వాచ్, పసుపు కల్లం

మార్చి, గురువారం రాత్రి

పొద్దున మా వీధి కుక్క వీపు సగం పసుప్పచ్చగా ఉంది. ఎవరి కల్లంలో ఆరబోసిన పసుపు మీద పడుకుందో! నవ్వొచ్చి కాసేపు భయం మరిచిపోయాను.

కుట్టు సెంటర్‌లో నేను చెప్పే మొదటి ఇంగ్లీషు క్లాసు ఇవాళే. కుట్టు నేర్చుకునే ఆడవాళ్లకు నచ్చితేనే రేపు రమ్మంది సెంటర్ మేడం. పదకొండు మంది వచ్చారు. 'లుక్'కూ 'వాచ్'కూ తేడా చెప్పబోయి, "రెండూ చూడడమే" అని ఆగిపోయాను. బోర్డు మీద రెండు మాటలూ మళ్లీ రాశాను.

"రెండూ ఒకటే అయితే రెండు మాటలెందుకు బిడ్డా?" అంది ముందు వరుసలోంచి గంగవ్వ. వాళ్లది పసుపు చేను. ఆ చేనే నన్ను కాపాడింది.

"మార్కెట్ల సేటు పసుపు కొమ్ము విరిచి లోపలి రంగు చూస్తడు కదా, అది లుక్," అన్నాను. "మరి మీరు ఉడకబెట్టిన పసుపు ఎండేదాకా..."

"పదిహేను రోజులు మబ్బు దిక్కు, పసుపు దిక్కు చూసుకుంట కూసుంటం. గదేనా వాచ్?"

"అదే అవ్వా."

"గట్లయితే సేటుది నిమిషం పని, మాది పక్షం పని. అయినా రేటు చెప్పేది ఆయనే!"

అందరూ నవ్వారు. నేనూ గట్టిగా నవ్వాను.

పోతూ పోతూ, మేడం ముందే, "రేపు మా కోడల్ని గూడ తోల్కొస్త" అంది గంగవ్వ. మేడం నాకు గది తాళంచెవి ఇచ్చింది. రేపు 'హియర్'కూ 'లిసన్'కూ తేడా అడిగితే ఏం చెప్పాలో...

కాన్వెంటులో పదేళ్లు చదివాను. ఒక్కసారి కూడా గంగవ్వలా ప్రశ్న అడగలేదు.