ఎడమచేతి తొడుగు

అక్కా, ఆసుపత్రిలో నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు. ఈ ఉత్తరం నర్సు చేత రాయిస్తున్నాను. పక్షవాతంతో పడిపోయిన నా కుడిచేతి మీద ఇక్కడ కొత్త పద్ధతి పరీక్షిస్తున్నారు. బాగున్న ఎడమచేతికి మందపాటి తొడుగు వేసి, పగలంతా పనులన్నీ జబ్బుచేత్తోనే చేయిస్తున్నారు. నిన్న తమ్ముడొచ్చాడు. చెంచా మూడుసార్లు జారిపోయేసరికి "అక్కా, నేను చూడలేను" అని తొడుగు విప్పేశాడు. నేనూ గబగబా ఎడమచేత్తో తినేశాను. వ్యాయామం చేయించే అమ్మాయి చూసి పట్టేసింది. "దొంగతిండా పిన్నిగారూ? ఇలా ఎడమచెయ్యి ఎగబడితే కుడిది మొండికేసి కూర్చుంటుంది" అంది. అప్పట్నుంచీ రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. ఈ వైద్యం ఇంక ఆరు రోజులే. ఈలోపు ఈ చేతికి కత్తెర పట్టడం రాకపోతే మన బట్టలకొట్లో కూర్చుని నేనేం చెయ్యనక్కా?

కొట్టు రోజూ తీస్తున్నావా? లైనింగు గుడ్డ అయిపోతే తెప్పించు. నా పెద్ద కత్తెర ఎవరికీ ఇవ్వకు. బావకి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

ఆదివారం నువ్వొస్తానన్నావని ఆశగా ఉంది, భయంగానూ ఉంది. తమ్ముడికన్నా నీకు జాలెక్కువ. అయినా రా. ఎదురుగా కూర్చో. నేను మీద ఒలకబోసుకుంటే నవ్వు, తిట్టు, నీ ఇష్టం. చెయ్యి మాత్రం వెయ్యకు.

నీ చెల్లి