క్లచ్ లేని బండిలో గుట్ట దిగుడు

మంగళవారం, రాత్రి

సమస్త డ్రైవర్ లోకానికి తలవంపులు తెచ్చే ఈ రాతకు సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. బి.ఎస్సీ. చదివి డ్రైవరైన తల కదా, వంచడం అలవాటే.

సోలార్ ప్లాంటు కొత్త పికప్‌కు క్లచ్ లేదు, గేర్లు అదే మార్చుకుంటాది. పొద్దున నా ఎడమ కాలు లేని క్లచ్‌ను వెతికి బ్రేక్ మీద పడింది. వెనక కూలోళ్లు ఒకరి మీద ఒకరు పడినారు.

సాయంత్రం గుట్ట దిగుతూ బ్రేక్ అలా తాకించానో లేదో, బండి తనే గేరు తగ్గించి గర్రుమనింది. కింద రోడ్డు నిండా గొర్రెలు.

"ఏందప్పా ఇది, ఇట్ల అరుస్తా ఉండాది!" పక్క సీట్లో, కూలికొచ్చే రంగమ్మత్త ముఖానికి కొంగు కప్పుకునింది.

"ఇంజనే బండిని పట్టుకుంటాదత్తా. భౌతికశాస్త్రం."

గొర్రెలు తప్పుకునేదాకా బండి మనిషి నడిచినట్టు మెల్లగా దిగింది.

"పూలు మోసినట్టు దించినాడు మా అల్లుడు," అని అత్త అందరికీ చెప్పింది. రేపట్నుంచి రోజూ నువ్వే దించాలన్నాడు సూపర్‌వైజరు. నిద్ర రావడం లేదు. రేపు గొర్రెలు తప్పుకోకుంటే? వెనక అంతమంది...

బండిని దించింది ఇంజను. అది గర్రుమన్నాక, ఎడమ కాలికి భయపడి నేను చేసింది ఒక్కటే: రెండు కాళ్లూ సీటు మీదికి మడిచి, పూజకు కూర్చున్నట్టు కూర్చున్నాను.