మంచం ఎక్కలేని పిల్లి

పెద్దోడా, ముందు పిల్లిని లోపలికి తెచ్చి నా మంచం మీద పడుకోబెట్టు. దానికి పళ్లు లేవు, అన్నం మెత్తగా పిసికి పెట్టు.

మంచం ఎక్కలేకపోతోందని దాన్ని వరండాలో గోనెసంచి మీద పడేస్తావా? ఒకప్పుడు అది గుర్రుమంటే లారీ వెనక్కెళ్లిపోయింది, నా కళ్లతో చూశా. దాని కాళ్లూ నా కాళ్లూ ఒకేసారి పట్టేశాయి. రేపు నేనూ ఎక్కలేకపోతే నాకూ ఓ సంచి దులిపి ఉంచావా?

పొద్దున్నే పాత పీట చెక్కలతో దానికో మెట్టు కొట్టి మంచం పక్కన పెట్టా. అప్పుడే ఊగుతోంది. మేకులు కొనడానికి పోతున్నా, వచ్చేదాకా ఆ మెట్టుని కదపకు.

ఇంకోమాట. పిల్లి ఇంకా ఆ మెట్టు మీద కాలు పెట్టలేదు. ఎక్కీ దిగీ ఊగేలా చేసింది నేనే. ఎక్కడానికి హాయిగా ఉంది. మీ అమ్మకి మాత్రం చెప్పకు.