తొట్టిలో ఆరు క్యూబులు

ఇంజనీరు రత్నరాజు గారికి నమస్కారములు.

జాకీ తన్ని మా ఆయన కాలు పోవడం ఆయన తప్పేనని మీరు రాయించి పంపిన కాగితం అందింది. దాని మీద నేను సంతకం పెట్టను.

అమలాపురం ఫంక్షన్ హాలుకి స్లాబు పోసిన నాలుగో రోజే లోపలి ఉక్కు కేబుళ్లను జాకీతో లాగమన్నారు మీరు. కాంక్రీటు ఇంకా పచ్చిగా ఉందండీ అని మా ఆయన అంటే, "క్యూబులు పగలగొట్టి చూసేమయ్యా, బలం వచ్చింది. ఇంజనీరువి నువ్వా, నేనా? లాగు" అన్నారు. అందరూ నవ్వారు. ఆయన లాగారు. స్లాబు అంచు చిట్లి, జాకీ వెనక్కి తన్నింది.

ఆస్పత్రిలో మీరు, "మీ ఆయనే అడ్డంగా నిలబడ్డాడమ్మా" అన్నారు. దానికి జవాబే ఈ ఉత్తరం.

అదే కాంక్రీటుతో ఆరు క్యూబులు పోసి, తొట్టి నీళ్లలో ఉంచి చూసుకోమని, అక్కడే కూలిపని చేసే నాకే అప్పగించారు. కేబుళ్లు లాగే ముందు వాటిలో మూడింటిని ల్యాబులో పగలగొట్టి చూడాలి. ఆరూ, మీరు రాసిన తేదీతో సహా, తొట్టిలోనే ఉండిపోయాయి. నేను ఐదో తరగతే చదివాను గాని, ఆరు లెక్కపెట్టగలను.

నిన్న లేబరు ఆఫీసరు గారికి చూపించాను. "ఆరూ ఇవేనామ్మా?" అని అడిగారు. "ఆయ్, ఇవేనండీ" అన్నాను. ఆయన వాటిని జీపులో ఎక్కించుకుని వెళ్లారు.

మీ ఉద్యోగం పోవాలని రోజూ ప్రార్థన చేస్తున్నాను. అలా చెయ్యకూడదని పాస్టరు గారు అన్నా మానలేదు.

సోమవారం ఆఫీసరు గారు మిమ్మల్ని ఆస్పత్రికి తీసుకొస్తారు. ఏ మూడు క్యూబులు పగలగొట్టారో మా ఆయన మొహం చూసి చెప్పండి.

ఇట్లు,
ఏలియా భార్య