‘ఊ’ తోక

కరీంనగర్,
12 ఫిబ్రవరి 2025.

ప్రియమైన వందనకు,

జ్యోతిరాణి రాసేది. అక్కడ మీ అవ్వ, అంబదాస్ బాపు ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. నేను బాగున్నానని మాత్రం రాయలేను. నాలుగు నెలలుగా నువ్వు ఫోనెత్తవు. వాట్సాప్‌లో బ్లాక్ చేశావు. ఇక జైనూర్ పోస్టుమాన్ మీదే ఆశ పెట్టుకున్నాను. చదవకుండా చించెయ్యకు.

సోమవారం మన గైడ్ సార్ మన పరిశోధన పేపరు జర్నల్‌కు పంపేస్తున్నారు. అందులో నీ పేరుండదు. నీ పీహెచ్‌డీ సీటు కూడా ఆ రోజే రద్దు చేస్తారట. ఆలోపు నువ్వు రావాలి.

మొన్న గోదావరిఖనిలో మా ఇంటికి వెళితే అవ్వ నీ గురించే అడిగింది. నువ్వు వచ్చినప్పుడు వాకిట్లో దండెం చూపించి, కణం నడుమ కేంద్రకంల క్రోమోజోముల కొసలు గిట్లనే గోడకు కట్టుకొని ఉంటయవ్వా, ముడి ఊడితే కొస నడిమికొస్తది అని చెప్పావట. గా పిల్ల అబద్ధమాడదే, నువ్వే జర మల్ల సూడు అంది.

ల్యాబులో ఈస్ట్ కణాలు పెంచే గొట్టాలకు నంబర్లెందుకని మనమే నవ్వుకుంటూ పేర్లు పెట్టాం. క్రోమోజోముల కొసలు గోడకు అంటి ఉన్నవి ‘ఉ’. పట్టి ఉంచే ప్రోటీన్ తీసేస్తే ఊడినవి ‘ఊ’. మూతల మీద ఆ అక్షరాలు నేను రాశాను, కొసలకు గుర్తుగా మెరిసే ఆకుపచ్చ చుక్కలను మైక్రోస్కోపులో నువ్వు చూశావు. ఒక ‘ఉ’ గొట్టంల ఆకుపచ్చ చుక్కలు గోడ ఇడిసి నడిమికొచ్చినయి జ్యోతీ, నేను సూసిందే రాసిన అన్నావు. నేనేమో నువ్వే గొట్టాలు తారుమారు చేసి తప్పు దాస్తున్నావని సార్‌తో చెప్పాను. నువ్వు ఏడవలేదు. ఆ మధ్యాహ్నమే ఆసిఫాబాద్ బస్సెక్కావు.

ఇప్పుడు మూతలు మళ్లీ చూశాను. స్పిరిట్ తగిలి ఒక ‘ఊ’ తోక చెరిగి ‘ఉ’ అయిపోయిందేమో. ఎవరి తప్పూ కాదు. సార్‌కు అదే చెబుదాం. ఒక్కదాన్నే చెప్పబోతే నోరు రావడం లేదు. నువ్వొచ్చి పక్కన నిలబడితే చాలు. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను. రా వందనా.

నీ స్నేహితురాలినని ఇంకా అనుకుంటున్న,
జ్యోతిరాణి.

తా.క. కవరు అంటించి మళ్లీ చించాను. స్పిరిట్ ఏమీ తగల్లేదు. ఆ రోజు ఫోన్ మాట్లాడుతూ మూతలు రాశాను, ఒకదానికి తోక పెట్టనేలేదు. నువ్వు వచ్చేదాకా ఆగకుండా ఈ మాట సార్‌కు రాసిచ్చి, ఆ మూత కూడా ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను. ఇది నాకు ఇప్పుడు తెలిసిన సంగతి కాదు వందనా. నువ్వు బస్టాండుకు నడిచి వెళుతుంటే ఆ మూత నా చేతిలోనే ఉంది.