డాన్స్ హాలుకు మెరిసే చెక్క

మునీ, మేడమీద డాన్స్ హాలు తలుపు తియ్యొద్దు. పిల్లలొస్తే ఈరోజు క్లాసు లేదని చెప్పి పంపించు. నేలమీది పాలిష్ గీకేవాళ్ళను పిలుచుకు రావడానికి బొమ్మనహళ్ళి షాపుకు పోతున్నాను.

నేను ఊళ్ళో లేనప్పుడే వేయించాలా? నున్నటి చెక్క వద్దని ఎన్నిసార్లు చెప్పాను! "ఎట్ల మెరుస్తాండాదో చూడక్కా, స్టేజి మాదిరి ఉండాది" అని మురిసిపోయావు. నిన్న క్లాసులో భరతనాట్యం మొదటి అడవు వేయగానే మన పిల్ల లిఖిత జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. వాళ్ళమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

అన్నం, చారు మూతపెట్టి ఉన్నాయి. తిను.

సహనక్క

తా.క.: నా హాలు గొప్పగా కనబడాలనే చేశావు, తెలుసు. కానీ మునీ, దానిమీద ఆడాల్సింది మేము. కొనేముందు నన్నొకసారి చెప్పులు విడిచి నడవనివ్వాల్సింది.